నీవు లేని ఊరు



యూసుఫ్‌గూడ పక్కనే అమీర్‌పేట సారథి స్టూడియోలోని చిన్న ప్రివ్యూ థియేటర్‌లో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ ఎన్నో దేశాల చిత్రాలు చూపించింది. అలాంటి చిన్న తెర మీద పదిమందీ కలిసి చూడదగినది 1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’.

సంస్థ సొమ్ము 8 వేల డాలర్లు పోయి, క్రిస్మస్ ముందు రాత్రి జార్జ్ బెయిలీ చనిపోదామని వంతెన మీద నిలబడతాడు. నేను పుట్టకపోతేనే బాగుండేది అంటాడు. దేవదూత అతనికి అతడు లేని ఊరిని చూపిస్తాడు. చిన్ననాడు మంచునీటిలో పడిన తమ్ముణ్ణి పైకి లాగిన చెయ్యి అక్కడ లేదు. కనుక తమ్ముడు సమాధిలో ఉన్నాడు. ఆ తమ్ముడు యుద్ధంలో కాపాడవలసిన సైనికులూ లేరు.

ఈ చిత్రం విడుదలైనప్పుడు నష్టమే మిగిలింది. 1974లో కాపీరైట్‌ను కూడా ఎవరూ పొడిగించుకోలేదు. అందువల్లనే టీవీ కేంద్రాలు రుసుము లేకుండా క్రిస్మస్ వేళ పదేపదే వేశాయి. అలా అది ఇంటింటికీ చేరింది.

కృష్ణానగర్ గదిలో వేషం కోసం ఎదురుచూస్తున్న తమ్ముడా, అమీర్‌పేట హాస్టల్‌లో ఉద్యోగం రాలేదని కుమిలిపోతున్న చెల్లీ, నీవు లేని ఊరు ఎలా ఉంటుందో నీకు కనబడదు. ఈ రాత్రి ఒంటరిగా ఉండకు. పక్క గది తలుపు తట్టు. 14416కు, టెలి మానస్‌కు, ఫోన్ చెయ్యి.

సంఘస్థులారా, ఆ చిత్రం ఊరివారి ప్రార్థనలతో మొదలవుతుంది. చివరికి ఆ ఊరివారే తలా కొంత డబ్బు తెచ్చి అతని బల్ల మీద పోస్తారు. ప్రార్థించిన మనము కూడా లేచి వెళ్లి తలుపు తట్టాలి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమెన్.