బండి అడుగుకు ఉక్కు పలక

గట్టు మండలంలో సీడుపత్తి చేలకు పికప్ తోలేవాళ్లకు దారి సంగతి తెలుసు. చెల్కల్లో రాళ్లు, రేగడిలో ట్రాక్టర్లు తొలిచిన గాడులు. గాడి నడుమ మిగిలిన మిట్టమీద బండి కూర్చుంటే ముందుగా దెబ్బ తగిలేది ఆయిల్ చాంబరుకే. అది పగిలి ఆయిల్ కారిపోయినా గమనించక తోలితే ఇంజిన్ సీజవుతుంది.

దానికి అడ్డుగా బిగించేదే స్కిడ్ ప్లేటు. కొనే ముందు బండి కింద పడుకొని చూడండి: కంపెనీ ఇచ్చింది లోహమా, ప్లాస్టిక్కా? ప్లాస్టిక్‌ది బురద చిమ్మకుండా ఆపుతుంది, అంతే. శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు వీ-క్రాస్‌లాంటి ఫోర్‌వీల్ డ్రైవ్ బండైతే ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకూ రక్షణ కావాలి.

ఉక్కా, అల్యూమినియమా? చదరపు మీటరు 3 మిల్లీమీటర్ల ఉక్కు పలక సుమారు 23.5 కిలోలు తూగుతుంది. 5 మిల్లీమీటర్ల అల్యూమినియం 13.5 కిలోలే. తేలికే గానీ మెత్తన; రాయి దాన్ని కొరుకుతుంది. ఉక్కు రాతిమీద జారుతుంది, సొట్టపడితే సుత్తితో సరిచేయొచ్చు, ఊళ్లోనే వెల్డింగు చేయించొచ్చు. మన రాళ్లకు నా ఓటు ఉక్కుకే. తుప్పు పట్టకుండా పెయింటు మాత్రం తప్పదు.

పలకను ఛాసిస్‌కే బిగించాలి. బోల్టు తలలు కిందికి పొడుచుకొస్తే రాళ్లకు తగిలి అరిగిపోతాయి, తర్వాత ఊడిరావు. ఆయిల్ మార్చడానికి రంధ్రం, గాలి ఆడటానికి సందులు ఉండాలి. వానాకాలంలో రేగడి మట్టి పలకపైన చేరి గట్టిపడుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు నీళ్లతో కడిగేయండి.