స్టీరింగు ముందు మరోసారి

(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత డ్రైవరు చేసిన ప్రసంగ పాఠం)

నేను ముప్పై యేళ్లు బస్సు నడిపినవాణ్ణేగాని మైకు పట్టినవాణ్ణి కాను. తప్పులుంటే మన్నించగలరు.

2018 నవంబరులో టొరంటోలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మా మనవడు, అతని స్నేహితులు కంప్యూటరులో ఒక బస్సు ఆట రెండు రోజులు ఆపకుండా ఆడి, ఇంటర్నెట్టులో చూసేవారిచ్చే చందాలు పిల్లల ఆసుపత్రికి ఇస్తామన్నారు. "ఆటలాడితే డబ్బులెవరిస్తార్రా?" అని నవ్వాను.

ఆ ఆట పేరు డెజర్ట్ బస్. 1995లో తయారైనా అప్పట్లో బజారుకు రాలేదు. అమెరికాలోని టూసాన్ నుంచి లాస్ వేగస్‌కు ఖాళీ బస్సు నడపాలి. వేగం 45 మైళ్లు దాటదు. నిజంగానే ఎనిమిది గంటలు పడుతుంది. మధ్యలో ఆపే వీల్లేదు. ఎలైన్‌మెంటు పోయిన బండిలా అది కుడికి లాగుతూనే ఉంటుంది. గమ్యం చేరితే ఒక్క పాయింటు. రోడ్డు దిగితే బండిని మళ్లీ టూసాన్‌కే లాక్కుపోతారు.

కెనడాలోని విక్టోరియా నగరంలో కొందరు స్నేహితులు 2007లో ఈ ఆటతోనే చందాలు పోగుచేయడం మొదలుపెట్టారు. ఆసుపత్రుల్లో ఉన్న పిల్లలకు ఆటవస్తువులిచ్చే సంస్థకు ఆ తొలి ఏడే 22 వేల డాలర్లకు పైగా వచ్చాయి. మొదటి గంటకు 1 డాలరు, ఆపైన ప్రతి గంటకూ 7 శాతం ఎక్కువ. చక్రవడ్డీ మనకు తెలియనిదా! ఆ లెక్కన నూరో గంట ఖరీదు సుమారు 811 డాలర్లు.

నైట్ సర్వీసులు చేసినవాణ్ణి కదా అని రాత్రి రెండు నుంచి ఆరు దాకా డ్యూటీ నేనే అడిగి తీసుకున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు కన్ను మూతపడింది. తెరిచేసరికి బస్సు ఇసుకలో ఉంది. పిల్లల ఆరున్నర గంటల కష్టం పోయింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. మావాడు మాత్రం, "ఫర్వాలేదు తాతయ్యా, డబ్బులు పోలేదు. నువ్వు మళ్లీ నడపాలని చూసేవాళ్లు ఇంకా పంపిస్తున్నారు" అన్నాడు.

నాకు కన్నీళ్లాగలేదు. ఎందుకో మావాడికి ఆ రోజు చెప్పలేదు. ఇవాళ మీ ముందు చెబుతున్నాను.

1984లో ఒక రాత్రి ఇలాగే నా కన్ను మూతపడింది. వెనక నలభైమంది ప్రయాణికులు. కండక్టరు "గురూ!" అని అరిచి స్టీరింగు మీద చెయ్యి వేశాడు. చెరువుగట్టు అంచున బండి ఆగింది. అంతకుముందు రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. ఆ మాట చెబితే చేతగానివాడంటారని డ్యూటీ ఎక్కాను. అతను ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడతను లేడు. కనీసం ఒక్కసారైనా నలుగురిలో అతనికి కృతజ్ఞత చెప్పలేకపోయాను.

మన పిల్లల్లో ఇప్పటికీ స్టీరింగు పట్టేవాళ్లున్నారు. నిద్ర వస్తోందని చెప్పడం తప్పు కాదని వాళ్లకు చెప్పండి. ఆటలో బస్సును వెనక్కి లాక్కొచ్చి మళ్లీ బయలుదేరదీస్తారు. మన రోడ్డు మీద ఆ అవకాశం లేదు.

ఆ కండక్టరు మిత్రుని పేర మన ఊరి ఆసుపత్రి పిల్లల వార్డుకు నా ఒక నెల పింఛను ఇస్తున్నాను. కార్యదర్శిగారు స్వీకరించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.