నిద్రపోవడం తెలిసిన కణం



నేను మాట్లాడబోయేది ఒక కణం గురించి. 1961లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో అలెగ్జాండర్ మౌరో కప్ప కండరాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తుంటే, తంతువును అంటిపెట్టుకుని, పైపొర కింద ఒదిగిన చిన్న కణాలు కనిపించాయి. వాటికి శాటిలైట్ కణాలని పేరు పెట్టాడు. మామూలు రోజుల్లో అవి నిద్రపోతుంటాయి. కండరం దెబ్బతింటే లేచి, విభజన చెంది, కలిసిపోయి కొత్త తంతువు కడతాయి. కొన్ని మాత్రం అందులో కలవకుండా మళ్లీ పడుకుంటాయి. రేపటి గాయానికి దిక్కు అవే. ఆ నిద్ర ఎలా నిలుస్తుందో మన హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీలో జ్యోత్స్న ధావన్ గారి బృందం ఏళ్లుగా శోధించింది.

ఇలాంటి కణాలతో మరమ్మతు చేయాలని చూసిన జబ్బు డుషెన్ కండర క్షీణత. అది ఉన్న పిల్లలకు డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ ఉండదు. తంతువులు చిరుగుతూనే ఉంటాయి. ఆరోగ్యవంతుల కండర కణాలను ప్రయోగశాలలో కోట్లుగా పెంచి ఎక్కిస్తే? ఆ ప్రోటీన్ లేని ఎలుకలకు అలా ఎక్కిస్తే, 1989లో వాటి కండరంలో అది కనిపించింది. 1990లలో పిల్లల మీద చేసిన ప్రయోగాలు నిరాశపరిచాయి. ఎక్కించిన కణాల్లో చాలావరకు త్వరగానే చనిపోయాయి. మిగిలినవి సూది దిగిన చోటు దాటి పెద్దగా కదల్లేదు.

2005లో లండన్ పరిశోధకులు ఒకే ఒక్క తంతువును, దాని మీది ఏడెనిమిది శాటిలైట్ కణాలతో సహా, ఎలుక కండరంలో నాటారు. వందకు పైగా కొత్త తంతువులు పుట్టాయి! మరి కోట్ల కణాలకు ఏమైంది? 2010లో స్టాన్‌ఫర్డ్‌లో హెలెన్ బ్లావ్ బృందం కొంత నేరం కణాలను పెంచే పళ్లేనిదని తేల్చింది. గట్టి ప్లాస్టిక్ మీద పెంచితే ఈ కండర కణాల మూలకణ గుణం, అంటే కొత్త తంతువులు కడుతూనే కొన్నింటిని మిగుల్చుకునే గుణం, పోతుంది. కండరమంత మెత్తని జెల్ మీదైతే నిలుస్తుంది. అందరూ కణాన్ని అనుమానిస్తుంటే పళ్లేన్ని అనుమానించడం నాకు భలే నచ్చిన తెలివి.

అయినా ఇలా కణాలు ఎక్కించడం ఇంకా వైద్యం కాలేదు. రక్త సంబంధ వ్యాధుల్లో చేసే మూలకణ మార్పిడి తప్ప తక్కినవన్నీ పరిశోధనేనని 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు చెప్పాయి. కొన్ని క్లినిక్‌ల ప్రకటనలు మాత్రం వేరే చెబుతాయి. ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీ దగ్గరికి రేపు ఓ తండ్రి వచ్చి, "పొలం అమ్మితే మావాడికి మూలకణాలు ఎక్కిస్తారట, అమ్మేయమంటారా డాక్టరు గారూ?" అంటాడు. ఆ క్లినిక్‌ను ట్రయల్ రిజిస్ట్రీ నంబరు అడగమనండి. ప్రయోగం పేరుతో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదనీ చెప్పండి. తర్వాత కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టి, స్టెరాయిడ్లు, ఫిజియోథెరపీ, ఏటేటా గుండె పరీక్ష గురించి వివరంగా మాట్లాడండి. దానికి అరగంట పడుతుంది. బయట క్యూ ఉన్నా సరే.