మన పిల్లల్ని నేవల్ ఎన్.సి.సి.లో చేర్పిద్దాం

(సమాఖ్య వార్షికోత్సవ సభలో బరంపురానికి చెందిన నేతకారుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాదు. గుంట మగ్గం మీద పట్టు నేసుకునేవాణ్ణి. "పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పవయ్యా" అన్నారు కార్యదర్శి గారు. చదువు గురించి చెప్పేంత చదువు నాకు లేదు. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది. పెద్దలు మన్నించాలి.

మా పెద్దవాడు ఎనిమిదో తరగతిలో ఉండగా బడి నుంచి ఒక ఫారం తెచ్చాడు. "నాన్నా, నేవల్ ఎన్.సి.సి.కి నన్ను ఎంపిక చేశారు, సంతకం పెట్టు" అన్నాడు. అప్పుడు పెళ్ళిళ్ళ సీజను. మగ్గం మీద పడుగు ఉంది. మా ఇంటావిడకు ఒంట్లో బాగోలేదు, కండెలు చుట్టేది వాడే. సెలవు రోజున పరేడ్ అంటే ఆ పూటకు చెయ్యి తగ్గినట్టే. పైగా సముద్రం అన్నాడు. "మనకెందుకురా సముద్రం" అన్నాను. ఫారం రెండు రోజులు గూట్లో ఉంది. మూడో రోజు వాడే తీసి చింపేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు వాడు సూరత్‌లో పవర్‌లూమ్ మీద పనిచేస్తున్నాడు. మా గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్ళినవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. కష్టపడుతున్నాడు, నెలనెలా డబ్బు పంపుతున్నాడు, మంచివాడు. ఆ రోజు సంతకం పెట్టి ఉంటే వాడు ఆఫీసర్ అయిపోయేవాడని నేను అనను. అది నాకు తెలియదు. కానీ వాడు ఒకటి అడిగాడు. అది ఏమిటో కూడా కనుక్కోకుండా నేను కాదన్నాను. నా తప్పు అది.

నాలుగేళ్ళ తరవాత మా అమ్మాయి అదే ఫారం తెచ్చింది. మా అమ్మ అయితే, "ఆడపిల్ల పడవలెక్కడం ఏమిటి, రేపు పెళ్ళికి ఏం చెబుతాం" అంది. నేను మళ్ళీ నసిగాను. ఆ రాత్రి సూరత్ నుంచి ఫోను. "నాన్నా, దానికైనా పెట్టు" అన్నాడు. అంతే అన్నాడు. పొద్దున్నే పెట్టాను.

సంతకం పెట్టాక బడికి వెళ్ళి, ఎన్.సి.సి. చూసే మాస్టారిని అన్నీ అడిగాను. ముందే అడగాల్సింది. ఆయన చెప్పినవి, నేను చూసినవి మీకు చెబుతాను.

ఎన్.సి.సి. అంటే నేషనల్ క్యాడెట్ కోర్. 1948లో చట్టం చేసి మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే అమ్మాయిలకు విభాగం వచ్చింది. 1952లో నౌకా విభాగం వచ్చింది. అంటే అమ్మాయిలు చేరడం ఇవాళ్టి వింత కాదు, మా అమ్మ చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఆ మాట చెప్పాకే మా అమ్మ శాంతించింది.

మన ఇళ్ళల్లో మొదట అడిగే ప్రశ్న, "యుద్ధం వస్తే పిల్లల్ని తీసుకుపోతారా?" అని. తీసుకుపోరు. ఎన్.సి.సి. క్యాడెట్ సైన్యంలో చేరి తీరాలన్న నిబంధన ఏదీ లేదు. రెండో ప్రశ్న, ఖర్చు. మా అమ్మాయికి ఫీజు అంటూ ఏమీ కట్టలేదు, యూనిఫాం వాళ్ళే ఇచ్చారు. తెల్లబట్టలు కాబట్టి ఉతుకు, ఇస్త్రీ మాత్రం మన పని.

మూడో ప్రశ్న, "మాకు సముద్రం లేదు కదా?" అని సోలాపూర్, సేలం వాళ్ళు అడగొచ్చు. సముద్రం లేని ఊళ్ళల్లో కూడా నౌకా విభాగం ఉంది. బెంగళూరులో హలసూరు చెరువులో నేవల్ క్యాడెట్లు పడవలు నడుపుతారు. కాకపోతే అన్ని బళ్ళల్లో ఉండదు, చాలాచోట్ల సైనిక విభాగం ఒక్కటే ఉంటుంది. అది ఉన్నా చేర్పించండి. క్రమశిక్షణ ఎక్కడైనా ఒకటే.

ఏం నేర్పిస్తారంటే, కవాతు, తుపాకి కాల్చడం, ప్రథమ చికిత్స, సమాజ సేవ అందరికీ ఉంటాయి. నౌకా విభాగం వాళ్ళకి వీటితోపాటు పడవ నడపడం, తెరచాప కట్టడం, రెండు జెండాలతో అక్షరాలు చూపించే సెమాఫోర్, ఓడ నమూనాలు చెయ్యడం, తాళ్ళ ముడులు. వేలర్ అని పొడుగాటి పడవ, అయిదు తెడ్లు. అయిదుగురూ ఒక్కసారే లాగాలి. ఒకరు ముందు లాగితే తెడ్డు తెడ్డుకి కొట్టుకుంటుంది. మా అమ్మాయికి ఈత రాదని నేను భయపడ్డాను. లైఫ్ జాకెట్ వెయ్యకుండా పడవ దగ్గరికే రానివ్వరని చూశాక ధైర్యం వచ్చింది.

ముడుల సంగతి ఒకటి చెప్పాలి. ఒక సాయంత్రం రెండు తాడు ముక్కలు పట్టుకుని మా అమ్మాయి నా మగ్గం పక్కన కూర్చుంది. "నాన్నా, ఇది షీట్ బెండ్. రెండు తాళ్ళు కలపడానికి వేస్తారు. ఒకటి లావు, ఒకటి సన్నం అయినా జారదు" అని కట్టి చూపించింది. చూస్తే, పడుగులో పోగు తెగినప్పుడు మనం అతికే ముడే! కట్టే తీరు వేరు, పడిన ముడి ఒకటే. నేను తెగిన పోగు ఒకటి తీసుకుని రెండు వేళ్ళ మధ్య వేసి చూపించాను. పిల్ల నోరు తెరిచింది. మర్నాడు వాళ్ళ మాస్టారికి చెప్పిందట. ఇంగ్లీషులో దానికి నేతగాళ్ళ ముడి అనే ఇంకో పేరుందని ఆయన చెప్పారట. ఆ రోజు నుంచి మా అమ్మాయి, "మా నాన్న నేస్తారు" అని బళ్ళో తలెత్తి చెబుతోంది. అంతకుముందు "వ్యాపారం" అని చెప్పేది. అది నాకు తెలుసు, తెలియనట్టు ఉండేవాణ్ణి.

ఈ కోరమండల్ తీరం నుంచి మనవాళ్ళు నేసిన బట్ట కొన్ని వందల ఏళ్ళపాటు ఓడలెక్కి దేశాలు తిరిగింది. నేసినవాళ్ళం మాత్రం గట్టునే ఉన్నాం. కార్తీక పున్నానికి మా ఒడిశాలో అరటిదొప్పల పడవలు నీళ్ళల్లో వదులుతారు. మా పిల్లలు కూడా వదులుతారు. నిజం పడవ ఎక్కింది మా ఇంట్లో ఇదే మొదలు.

ఇక కష్టం కూడా చెప్పాలి. చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. పది రోజుల క్యాంపు వచ్చింది. ఇంట్లో కండెలు చుట్టేవాళ్ళు లేరు. పగలు నేసి, రాత్రి నేనే చుట్టుకున్నాను. పక్కింటి వదిన రెండు రోజులు సాయం చేసింది. ఆ నెల చీర నాలుగు రోజులు ఆలస్యమైంది, షావుకారు చేత మాట పడ్డాను. అయినా క్యాంపు మానిపించలేదు. ఎందుకంటే క్యాంపు లేకపోతే సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోనివ్వరు. మన ఇళ్ళల్లో చాలామంది పిల్లలు ఇక్కడే ఆగిపోతున్నారు. చేరుస్తాం, ఏడాది పంపుతాం, సీజను రాగానే మానిపిస్తాం. ఏడాది కష్టం నీళ్ళపాలు.

తల్లిదండ్రులు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. బడిలో రెండేళ్ళు పూర్తిచేస్తే 'ఎ' సర్టిఫికెట్. కాలేజీలో రెండేళ్ళకు 'బి'. మూడో ఏడాది కూడా చేసి, 'బి' చేతిలో ఉంటేనే 'సి'. పరేడ్లకు నూటికి 75 హాజరు ఉండాలి. విద్యా సంవత్సరం మొదట్లోనే ఎంపిక జరుగుతుంది, సీట్లు తక్కువ. పరుగు, ఆరోగ్యం చూస్తారు. కాబట్టి బడి తెరవగానే మాస్టారిని అడగండి. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకంలో పిల్లల పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒడియాలో ఒక రకంగా, ఇంగ్లీషులో ఒక రకంగా పడి మేము రెండు వారాలు తిరిగాం.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా? సర్టిఫికెట్ చూపిస్తే ఉద్యోగం ఇస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి. దారి మాత్రం కొంచెం దగ్గరవుతుంది. సైన్యం అగ్నివీర్ ఎంపికలో ఎన్.సి.సి. సర్టిఫికెట్‌కు అదనపు మార్కులు ఉన్నాయి. సి.డి.ఎస్. పరీక్ష ద్వారా కేరళలోని ఎళిమల నౌకాదళ అకాడమీకి తీసుకునే సీట్లలో కొన్ని నేవల్ 'సి' సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి కేటాయిస్తారు. దానికి ఇంజనీరింగ్ డిగ్రీ కావాలి. ఏ ఏడాదికి ఆ ఏడాది ప్రకటన చదువుకోవాలి. అమ్మాయిల్ని 2022 నుంచి ఎన్.డి.ఏ.లోకి కూడా తీసుకుంటున్నారు. మా ఊరికి దగ్గర్లోనే ఐ.ఎన్.ఎస్. చిలికాలో నావికులకు శిక్షణ ఇస్తారు. 2023 మార్చిలో అక్కడి నుంచి బయటికొచ్చిన మొదటి అగ్నివీర్ల జట్టులోనే అమ్మాయిలున్నారు. ఇన్నేళ్ళు బస్సులో ఆ దారిన పోతూ కూడా అది మన పిల్లలకు కాదనుకున్నాం.

ఉద్యోగం రాకపోయినా పిల్లకి వచ్చినవి ఉన్నాయి. ఒడియా బడి, తెలుగు ఇల్లు, క్యాంపులో హిందీ. ఇప్పుడు మూడూ మాట్లాడుతుంది. బ్యాంకుకి నా వెంట వచ్చి, కౌంటర్ దగ్గర నిలబడి, నా బదులు అడుగుతుంది. తెల్లవారి నాలుగున్నరకు ఎవరూ లేపకుండా లేస్తుంది.

సమాఖ్య పెద్దలకు నాదొక మనవి. ప్రతి ఏడూ మార్కులు బాగా వచ్చిన పిల్లలకు సన్మానం చేస్తున్నాం, మంచిదే. వచ్చే ఏడాది నుంచి 'ఎ', 'బి', 'సి' సర్టిఫికెట్ తెచ్చిన పిల్లల్ని కూడా ఈ వేదిక మీదికి పిలవండి. డబ్బు అక్కర్లేదు, ఒక శాలువా చాలు, అదీ మనం నేసిందే. ఏ ఊళ్ళో ఏ బడిలో నేవల్ విభాగం ఉందో ఒక కాగితం తయారుచేసి శాఖలన్నిటికీ పంపండి. క్యాంపు రోజుల్లో మగ్గం ఆగిపోయే ఇంటికి వీధిలోవాళ్ళం కండెలు చుట్టి పెడదాం. అది మన చేతిలో పని.

తండ్రులకు ఒక్క మాట. పిల్లవాడు ఫారం తెస్తే వెంటనే సంతకం పెట్టమనడం లేదు. వెళ్ళి కనుక్కోండి. కనుక్కున్నాక కాదన్నా పరవాలేదు. కనుక్కోకుండా మాత్రం కాదనకండి. నేను అన్నాను, నాకు తెలుసు.

మొన్న మా అమ్మాయి తెల్ల యూనిఫాంలో దిగిన ఫోటో వాళ్ళన్నయ్యకి పంపింది. వాడు అది ఫోన్‌లో ముందు పెట్టుకున్నాడట. షిఫ్టులో పక్క మగ్గం వాళ్ళకి చూపిస్తున్నాడట. ఈ సభకు వాడు రాలేకపోయాడు. అందుకే వాడి మాట కూడా నేనే మీకు చెబుతున్నాను. దానికైనా పెట్టు, అన్నాడు. మన పిల్లలందరికీ పెడదాం.