మంచు తెలుపు, మన వానల లెక్క



కోరుట్ల దగ్గర పసుపు రైతు ఒకాయన మొన్న నన్ను అడిగాడు: "సారూ, ఎల్లుండి వాన పడుతదో లేదో సరిగ్గ చెప్పలేరు. నూరేండ్లకు ఎండ ఎంత పెరుగుతదో కంప్యూటరు చెప్తే ఎట్ల నమ్మాలె?" న్యాయమైన ప్రశ్న. ఆ లెక్కల్లో మంచు అనే ఒక్క పద్దు తీసుకొని జవాబు వెతుకుదాం.

మంచు అంటే తెల్లవారి మన పొలాల మీద కురిసేది కాదు. హిమాలయాల్లో, ఉత్తర దేశాల్లో నేలను గడ్డగా కప్పేది. మన గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి వాననీటితో పారే నది, మంచునీటిది కాదు. అయినా ఆ మంచుతో మనకు పని ఉంది. భారత వాతావరణ శాఖ తొలి అధిపతి బ్లాన్‌ఫర్డ్, హిమాలయాల్లో మంచు ఎక్కువైన ఏడు మన వాన తగ్గుతుందని 1884లో రాశాడు. ఆ ఆధారంతోనే 1886 జూన్ 4న తొలి వర్షాకాల అంచనా వెలువడింది. ఈ సంబంధం ప్రతి ఏడూ నిలవదని తరువాత తేలింది.

మే నెల ఎండలో సిరిసిల్ల తెల్లబట్ట ఒకటి, నల్ల గొంగడి ఒకటి పరచి, కాసేపాగి చెయ్యి పెట్టి చూడండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, నలుపు మింగుతుంది. కొత్త మంచు నూటికి 80 పాళ్ళకు పైగా ఎండను వెనక్కి పంపుతుంది. తడిసిన నల్లరేగడి 10 పాళ్ళు పంపితే గొప్ప. మంచు కరిగితే నల్లనేల బయటపడుతుంది, వేడి పెరుగుతుంది, మరింత మంచు కరుగుతుంది. చెరువుకట్టకు గండి పడినట్లే. నీరు పోయినకొద్దీ గండి పెద్దదవుతుంది.

ఈ గండి ఎంత పెద్దదో నమూనాలు సరిగా చెబుతున్నాయా? 2014లో క్యూ, హాల్ అనే శాస్త్రజ్ఞులు 25 నమూనాలను పోల్చి చూశారు. ఒకదానికీ మరొకదానికీ 5 రెట్ల తేడా కనబడింది! మంచు మీదికి తల ఎత్తి నిలిచే అడవి చెట్లు ఆ తెలుపును ఎంత కప్పుతాయో తలా ఒక తీరుగా లెక్కవేయడమే అందుకు కారణం కావచ్చునని వారు తేల్చారు. అయితే అన్నిటి సగటు మాత్రం అసలు కొలతకు దగ్గరగానే ఉంది.

నూరేళ్ళు ఆగకుండా దీన్ని పరీక్షించేదెట్లా? విత్తే ముందు మీరు 100 గింజలు తడి గోనెసంచిలో చుట్టి మొలక చూస్తారు గదా, అట్లాగే. ఏటా వసంతంలో మంచు కరుగుతుంది. అప్పుడు నేల తెలుపు ఎంత తగ్గిందో ఉపగ్రహాలు కొలుస్తాయి. వసంతంలో గండిని పెద్దదిగా చూపే నమూనాయే రాబోయే కాలానికీ పెద్దదిగా చూపుతుందని హాల్, క్యూ 2006లోనే కనుగొన్నారు. కనుక వసంతపు కొలతతో సరిపోని నమూనాను పక్కన పెట్టవచ్చు.

ఆ పసుపు రైతుకు నేను చెప్పిన జవాబు ఇదే: ఎండ పెరుగుతుందన్న దిశను నమ్ము, ఒక్క నమూనా చెప్పిన అంకెను పట్టుకొని పంట మార్చకు. వాతావరణ శాఖ కూడా 2021 నుంచి వానాకాలం అంచనాకు పలు నమూనాలను కలిపి చూస్తున్నది.

అంచనా ఎంత బాగున్నా విత్తనం మాత్రం తడిని చూసే వేయాలి. వర్షాధారపు తేలిక చెలకల్లో 50–60, బరువు నేలల్లో 60–75 మిల్లీమీటర్ల వాన పడేదాకా ఆగండి. తొలి చినుకుకే విత్తి, మొలక మాడి, మళ్ళీ విత్తనం కొనే బాధ తప్పుతుంది. అనుమానం ఉంటే పోలాస పరిశోధనా కేంద్రంలో అడగండి.