మలక్‌పేటలో కిరాయి ఇల్లు

(ఒక గ్రామ గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంటలనుగూర్చియు, ఎరువులనుగూర్చియు, పశువుల రోగములనుగూర్చియు చెప్పుటకు ఈ గ్రంథాలయమునకు అనేకులు వచ్చుచుందురు. నేడు నేను ఎత్తుకొనిన విషయము పట్టణములోని కిరాయి ఇల్లు. పల్లెలో కూర్చుండి పట్టణపు ఇంటి సంగతి మనకెందుకని మీలో కొందరికి తోచవచ్చును. కాని హైదరాబాదులో చదువుకొను కుమారుడో, కొలువు చేయు కుమార్తెయో, వైద్యమునకై వెళ్లి నెలల తరబడి నిలిచిన బంధువో లేని కుటుంబము ఈనాడు మన గ్రామములలో అరుదు. వారు అచట కట్టు కిరాయి ఇచటి పంట డబ్బునుండియే పోవుచున్నది. కావున ఇది మన విషయమే.

నగరమంతటిని వర్ణించుట ఒక సభలో అయ్యెడి పని కాదు. మలక్‌పేట ఒక్కదానిని తీసికొందము. మూసీనదికి దక్షిణమున ఉన్న ఈ పేట నల్లగొండ, సూర్యాపేట దిక్కునుండి వచ్చువారికి నగరపు గుమ్మము వంటిది. అచటి ఒక కూడలికి నల్లగొండ చౌరస్తా అనియే పేరు. మహబూబ్ మాన్షన్ గంజికి మిరప, ఉల్లి బస్తాలు తీసికొనిపోయిన రైతులు మన జిల్లాలలో ఎందరో కలరు. చెంతనే దిల్‌సుఖ్‌నగర్, అచట పోటీ పరీక్షలకు శిక్షణ నిచ్చు సంస్థలు వీధి వీధిన ఉన్నవి. చాదర్‌ఘాట్ వంతెన దాటినచో కోఠి, దవాఖానలు, కళాశాలలు, బస్సుల కేంద్రము. రైలు స్టేషను పూర్వమునుండి ఉన్నది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేటనుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడచుట ప్రారంభమైన పిమ్మట మలక్‌పేటనుండి నగరపు ఆవలి కొసకు పోవుట సులభమైనది.

ఇన్ని సౌకర్యములున్నచోట ఇంటికి గిరాకీ ఉండుట సహజము. భూమి పెరుగదు, జనము పెరుగుదురు. అందుచే ఒకప్పుడు ఒక కుటుంబమున్న ఇల్లు నేడు మూడు పోర్షను లైనది. పెంకుటింటి స్థానమున నాలుగు అంతస్తుల మేడ లేచినది. సందు ఇరుకు, మెట్లు ఇరుకు, గాలి తక్కువ; అయినను 'టు లెట్' పలక వ్రేలాడదీసిన కొలది దినములకే ఇల్లు నిండిపోవును. ఇంత తొందరలో ఇల్లు కుదుర్చుకొనువాడు నోటి మాటను నమ్మి, డబ్బు చేతికిచ్చి, తాళపుచెవి తీసికొనును. చిక్కులన్నియు అచటనే మొలకెత్తుచున్నవి.

నగరమున ఇండ్ల కరవు క్రొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ఇండ్లను కూల్చి, వేలాది ప్రాణములను బలిగొన్నది. ఆ విపత్తు పిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. 'ఆరాయిష్-ఎ-బల్దా' అని ఉర్దూలో దానిని పిలిచెడివారు. ఇరుకైన, అనారోగ్యకరమైన వాడలను తొలగించి, వెడల్పు వీధులు వేసి, సామాన్యులు కిరాయికి ఉండదగిన ఇండ్లు కట్టించుట దాని పనులలో ఒకటి. 1960లో ఆ బాధ్యతలు గృహనిర్మాణ మండలికి సంక్రమించినవి. అయినను నగరమునకు వచ్చువారిలో అధికసంఖ్యాకులకు తలదాచుకొను చోటు ప్రైవేటు యజమాని ఇచ్చు కిరాయి పోర్షనే. నాడును అంతే, నేడును అంతే.

అందువలన ప్రభుత్వము చట్టముద్వారా కిరాయిదారును కాపాడుటకు పూనుకొన్నది. హైదరాబాదు రాష్ట్రమున 1954లో ఒక చట్టము వచ్చెను. ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత 1960లో భవనముల కిరాయి, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టము వచ్చెను. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మటను ఆ చట్టమే ఇచట కొనసాగినది. దానిలోని మేళ్లను చూడుడు. కిరాయి చెల్లించిన ప్రతివానికి యజమాని సంతకముతో రసీదు పొందు హక్కు కలదు. అడ్వాన్సు ఒక నెల కిరాయికి మించరాదు. యజమాని కిరాయి పుచ్చుకొనుటకు నిరాకరించినచో, దానిని బ్యాంకులోను, తుదకు రెంట్ కంట్రోలరు వద్దను జమచేయు దారి కలదు. నీరు, దీపము వంటి వసతులను యజమాని నిలిపివేయరాదు. కిరాయి ఎగవేయుట, అనుమతి లేక మరియొకరికి ఇచ్చుట, ఇంటిని పాడుచేయుట, యజమానికి నిజముగా తన ఇల్లు అవసరమగుట వంటి కారణములు చూపి, కంట్రోలరు ఆజ్ఞ పొందిననేగాని ఖాళీ చేయించరాదు.

ఇంత మంచి చట్టముండగా భయమేల అని మీరు అడుగవచ్చును. ఇచటనే జాగ్రత్తగా వినవలెను. 2005లో ఆ చట్టమునకు సవరణ జరిగినది. మహానగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన కిరాయిగల భవనములకు ఆ చట్టము వర్తింపకుండ పోయినది. కట్టి పదునైదేండ్లు నిండని క్రొత్త భవనములకును వర్తింపదు. ఈనాడు మలక్‌పేటలో ఒక కుటుంబము ఉండదగిన పోర్షను 3,500 రూపాయలకు దొరకుట దుర్లభము. అనగా పెద్దలు చెప్పుకొను ఆ కిరాయి చట్టము నేడు నగరమునకు పోవు మన పిల్లలలో పెక్కుమందికి గొడుగు పట్టదు. వారికి వర్తించునది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము. దానితోపాటు తాము వ్రాసికొనిన కరారు. ఆ పాత చట్టము ప్రకారము నెలసరి కిరాయికున్న ఇంటిని ఖాళీ చేయుమని కోరుటకు వేరు ఒప్పందము లేనపుడు పదునైదు దినముల వ్రాతపూర్వక నోటీసు చాలును. కరారులో రెండు నెలలని వ్రాసికొనినవానికి రెండు నెలలు. ఏమియు వ్రాసికొననివానికి పదునైదు దినములే. నేడు మీ చేతిలోని కాగితమే మీ చట్టము. నేను చెప్పదలచినదంతయు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నది.

వ్రాతకున్న బలము పల్లెవారికి తెలియనిది కాదు. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము వచ్చినపుడు రక్షిత కౌలుదారుల పట్టికలు తయారైనవి. పట్టికలో పేరెక్కినవానికి నేలపై నిలుచు ఆధారము దొరకినది. దొరపై నమ్మకముతో నోటి మాటపై దున్నినవాడు తరతరాలు చెమటోడ్చినను చూపుటకు చీటీముక్క లేక మిగిలెను. చేనికి పట్టికలో పేరు ఎట్టిదో, ఇంటికి కరారు పత్రము అట్టిది.

ఆ పత్రములో ఏమేమి ఉండవలెనో చెప్పెదను. యజమాని పేరు, కిరాయిదారు పేరు. ఇంటి నంబరు, ఏ అంతస్తు, ఎన్ని గదులు. కిరాయి ఎంత, ఏ తేదీలోగా చెల్లించవలెను. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన ఎన్ని దినములకు తిరిగి ఇత్తురు, దేనికొరకు తగ్గింతురు. నీటికి, కరెంటుకు, మెట్ల దీపమునకు, ఊడ్చువారికి ఎవరెంత ఇయ్యవలెను. ఏటేట కిరాయి ఎంత పెరుగును. ఇల్లు విడుచుటకు ఎన్ని నెలల ముందు చెప్పవలెను. సున్నము, మరమ్మతు ఎవరి బాధ్యత. ఇవి అన్నియు తెలుగులోనే వ్రాసికొనవచ్చును. చదువరాని భాషలో ఉన్న పత్రముపై, పూర్తిగా చదివించుకొని వినకుండ, సంతకము చేయకుడు.

పదకొండు నెలలకే కరారు వ్రాయుదురేల అని అనేకులు అడుగుదురు. ఒక సంవత్సరము మించిన గడువుగల కిరాయి పత్రమును రిజిస్టరు చేయింపవలెనని కేంద్ర చట్టము చెప్పుచున్నది. ఆ ఖర్చును, శ్రమను తప్పించుకొనుటకు పదకొండు నెలల వాడుక వచ్చెను.  గడువు తీరగనే క్రొత్త కరారు వ్రాసికొనవలెను. పాత కాగితమును పెట్టెలో ఉంచి మరచిపోరాదు.

ఇక లెక్క. నెలకు 8,000 రూపాయలకు ఒక పోర్షను కుదిరినదనుకొందము. మొదటి నెల కిరాయి 8,000. రెండు నెలల అడ్వాన్సు 16,000. మధ్యవర్తి ఒక నెల కిరాయి అడిగినచో మరి 8,000. తలుపు తెరువకముందే 32,000 రూపాయలు కావలెను. ఏటికి నూటికి పది చొప్పున పెంచవలెనని ఒప్పుకొన్నచో మరుసటి యేడు 8,800, ఆపై యేడు 9,680. ఈ లెక్క ముందుగా వేసికొననివాడు మూడవ నెలలో అప్పునకు చేయి చాచును. గంజిలో ధర తెలిసికొనకుండ బస్తా విప్పని రైతు, ఇంటి విషయమున మాత్రము లెక్క వేయకుండ తల ఊపుట తగునా?

అడ్వాన్సునకు రసీదు ముఖ్యము. ఒకడు రెండు నెలల అడ్వాన్సు చేతికిచ్చి రసీదు అడుగలేదనుకొనుడు. యేడాదికి యజమాని ఇల్లు అమ్మెను. క్రొత్త యజమాని, "నీవు అడ్వాన్సు ఇచ్చినట్లు నాకేమి ఎరుక?" అనును. పాత యజమాని చిరునామా మారిపోయినది. ఆ పదునారువేలు ఎవరినడుగవలెను? అదే సొమ్ము బ్యాంకుద్వారానో, ఫోనుద్వారానో చెల్లించి, ఏ నెల కిరాయియో, ఏ అడ్వాన్సో వివరము వ్రాసియుంచినచో ఖాతాయే సాక్ష్యము చెప్పును. నగదుగా ఇచ్చినచో సంతకముగల రసీదు విడువకుడు. అడుగుట అవమానము కాదు. మర్యాదగల యజమాని అడుగకయే ఇచ్చును.

ఇల్లు చూచునప్పుడు గోడల రంగును కాదు, నేల పల్లమును చూడుడు. మలక్‌పేటలో కొన్ని వాడలు మూసీని ఆనుకొని ఉన్నవి. 2020 అక్టోబరులోను, 2025 సెప్టెంబరులోను మూసీ ఒడ్డున వరద నీరు ఇండ్లలో జొరబడినది. రైలు వంతెన క్రింది దారిలో పెద్ద వానకు నీరు నిలుచుట అచటివారికి ఎరుకే. క్రింది అంతస్తు చవుకగా వచ్చుచున్నదన్నచో, వానకాలమున నీరు ఎంతవరకు వచ్చునో పక్క ఇంటివారిని అడుగుడు. నల్లా నీరు ఏ వేళ వచ్చునో, ఎంతసేపు వచ్చునో అడుగుడు. కరెంటు మీటరు మీ పోర్షనుకు ప్రత్యేకముగా ఉన్నదా, అందరికి ఒక్కటియేనా అనునది మరియు ముఖ్యము. 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకమున అర్హతగల కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితము. కిరాయిదారులకును ఆ అవకాశము కలదు. కాని లెక్క అంతయు మీటరును బట్టియే. నాలుగు పోర్షనులకు ఒక్క మీటరున్నచోట ఆ మేలు దక్కుట కష్టము.

గుర్తింపు పత్రముల నకళ్లు యజమాని అడుగును. ఇచ్చునపుడు, అవి ఏ ఇంటి కిరాయి నిమిత్తము ఇచ్చినవో నకలుపై వ్రాసి, తేదీ వేసి ఇండు. మరియొక పనికి వాడుట కష్టమగును.

ఇన్ని జాగ్రత్తలు పడినను తగవు రావచ్చును. అప్పుడు ధైర్యము విడువరాదు. గడువు తీరినదని గాని, కిరాయి బాకీ యున్నదని గాని యజమాని తానుగా సామాను వీధిలో పెట్టించుటకు, తాళము వేయుటకు వీలులేదు, న్యాయస్థానమునకు పోవలెను. అట్లు బలవంతముగా వెళ్లగొట్టబడినవాడు ఆరు నెలలలోగా దావా వేసి, తన స్వాధీనమును తిరిగి కోరుటకు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము వీలు కల్పించినది. వకీలును పెట్టుకొనలేని పేదలు, స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు 1987 నాటి చట్టము క్రింద ఏర్పడిన న్యాయసేవా సంస్థలను ఆశ్రయించినచో ఉచిత సహాయము దొరకును.

న్యాయము ఒక ప్రక్కదే కాదు. మలక్‌పేట యజమానులందరు ధనవంతులని తలచుట పొరపాటు. భర్త పోయిన ముసలితల్లి పై పోర్షను కిరాయితోనే మందులు కొనుక్కొనుచుండవచ్చును. కిరాయి ఆలస్యమైనచో ఆమె మందులు ఆలస్యమగును. తేదీకి చెల్లించుట, నీటిని వృథాచేయకుండుట, ముగ్గురమని చెప్పి ఏడుగురు చేరకుండుట, విడుచునాడు ఇంటిని శుభ్రముగా అప్పగించుట మన ధర్మము. మన ఊరి పిల్లవాడు ఒకడు ఇల్లు పాడుచేసినచో, వాని తరువాత వచ్చు పదిమందికి ఆ గుమ్మము మూతపడును.

మరియొక మాట బాధతో చెప్పవలసియున్నది. ఇల్లు చూచుటకు పోయినవారిని, "మీరేమిటోళ్లు? మాంసము తిందురా?" అని అడుగువారు నేటికిని కలరు. మలక్‌పేట హిందువులు, ముస్లిములు తరతరాలుగా గోడకు గోడ ఆనించి బ్రదుకుచున్న పేట. అట్టిచోట కులమడిగి తలుపు వేయుట ఆ నేల సంప్రదాయమునకే విరుద్ధము. అస్పృశ్యత కారణముగా ఒకరిని ఏ వాడలోనైనను నివాసముండకుండ అడ్డగించుట 1955 నాటి చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము. చట్టము అంతవరకు పోగలదు. తక్కినది మనుష్యుల మనస్సు మారుటవలన జరుగవలెను. అయితే ఒక్క సంగతి: మన వాడలలో ఈ ప్రశ్న అడుగుట మానిననాడే పట్టణపు గుమ్మము ముందు దానిని నిరసించు యోగ్యత మనకు కలుగును.

సోదరులారా, ఈ గ్రంథాలయమున ఒక పని చేయవచ్చును. కిరాయి కరారు నమూనా ఒకటి తెలుగులో వ్రాయించి ఇచట ఉంచుడు. నగరమునకు పోవు ప్రతి యువకునికి, ప్రతి యువతికి దాని నకలు ఇండు. ఏ పేటలో నీరు నిలుచునో, ఏ ఇంట అడ్వాన్సు సక్రమముగా తిరిగి ఇచ్చిరో, పోయి వచ్చినవారు చెప్పగా పోబోవువారు వినవలెను. విత్తనము సంచి కట్టి పంపినట్లే, పిల్లలను పంపునాడు ఈ కాగితమును కూడ వారి సంచిలో పెట్టి పంపుడు.