అచ్చులోని మెరుగు

మీ ఇంటి అలమరలో వరుసగా నిలిచియున్న ప్లాస్టిక్కు సీసాలను ఒక మారు పరికించి చూడుడు. ఒకటి ముత్యమువలె మెరయుచుండును. ఒకటి అద్దమువలె తేటగా నుండును. ఇంకొకటి తోమిన రాగిచెంబువలె తళతళలాడుచుండును. వానిలో ముత్యము లేదు, అద్దము లేదు, రాగియు లేదు. ఉన్నదెల్ల ప్లాస్టిక్కే. ఈ మెరుగు ఎక్కడినుండి వచ్చినది? సీసా ఖాళీ అయిన పిమ్మట దాని గతి ఏమి? ఈ రెండును వేరువేరు ప్రశ్నలుగా తోచును గాని, మొదటిదానికి చెప్పు సమాధానమును బట్టియే రెండవదాని సమాధానము నిర్ణయమగును.

ఈ సంగతి తెలిసికొనుటకు నంద్యాల, ఆళ్లగడ్డ అను రెండు ఊళ్లు మనకు చక్కని దారి చూపును. నంద్యాల పేరు వినగానే రైతులకు నంది పైపులు జ్ఞప్తికి వచ్చును. వరంగల్లులో ఇంజనీరింగు చదివి, బొంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రములో పనిచేయుచుండిన ఎస్.పి.వై. రెడ్డిగారు 1977లో ఆ కొలువు విడిచి ప్లాస్టిక్కు డబ్బాల కర్మాగారము పెట్టిరి. పైపుల తయారీ 1984లో గాని మొదలు కాలేదు. అనగా పైపులకంటె ముందు డబ్బాలే వచ్చినవి. రెడ్డిగారు తరువాత నంద్యాలనుండి మూడు మారులు పార్లమెంటునకు ఎన్నికై, 2019లో కీర్తిశేషులైరి.

నంద్యాలనుండి కడప దారిలో సుమారు 40 కిలోమీటర్లు పోయినచో ఆళ్లగడ్డ వచ్చును. అహోబిల యాత్రికులకు సుపరిచితమైన ఊరు. ఇచటి శిల్పుల పనితనము దేశవిఖ్యాతము. ఆళ్లగడ్డ శిల్పములకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. రాతి విగ్రహమునకు నెలలు పట్టును. ప్లాస్టిక్కు సీసాకు కొన్ని సెకండ్లు చాలును. అయినను మెరుగు రహస్యము రెంటికిని ఒక్కటే.

ఉలిదెబ్బ తిన్న నల్లరాయి బూడిదవన్నెగా కనిపించును. ఆ రాతినే ముందు ముతక సానతోను, పిమ్మట సన్నని సానతోను, తుదకు మెత్తని పొడితోను రుద్దినచో నల్లని అద్దమగును. రాతికి ఎవ్వరును రంగు పూయలేదు. మారినది ఉపరితలము మాత్రమే. గరుకు తలముపై పడిన వెలుగు చెల్లాచెదరగును. నునుపు తలముపై పడిన వెలుగు ఒక్క దిక్కునకే తిరిగి వచ్చును. మన కంటికి కనిపించు కాంతి తరంగము పొడవు ఇంచుమించు మిల్లీమీటరులో రెండువేలవ వంతు. తలముపైనున్న గీతలు అంతకంటె మిక్కిలి చిన్నవైననే నిగనిగ పుట్టును.

సీసాను మాత్రము ఎవ్వరును రుద్దరు. సీసాకు రూపమిచ్చు లోహపు అచ్చును రుద్దుదురు. అచ్చు చేయువాడును శిల్పియే. అయితే అతనిది తలక్రిందుల శిల్పము. రాతిశిల్పి చుట్టునున్న రాతిని తొలగించి రూపమును మిగుల్చును. అచ్చు పనివాడు రూపమును తొలచివేసి చుట్టునున్న లోహమును మిగుల్చును. పిదప ఎమరీ కాగితములతో, తుదకు వజ్రపు పొడి కలిపిన ముద్దతో గంటల తరబడి మెరుగు పెట్టును. ఆ నునుపు ఆ అచ్చులో పుట్టు ప్రతి సీసాకును సంక్రమించును. అతని చేయి జారి గీత పడినచో ఆ గీతయు అట్లే సంక్రమించును.

సీసాలు ముఖ్యముగా రెండు విధములుగా పుట్టును. మొదటి విధములో కరగిన ప్లాస్టిక్కును గొట్టమువలె క్రిందికి దింపుదురు. రెండు చెక్కల అచ్చు దానిని పట్టి మూసికొనును. లోనికి గాలి ఊదగా గొట్టము ఉబ్బి అచ్చు గోడలకు అంటుకొని, చల్లబడి సీసా అగును. దీనికి వాడునది ఎక్కువగా గట్టి పాలిథిలీను. తక్కువ ఒత్తిడిలో దానిని తయారుచేయు మార్గమును 1953లో కనుగొనిన జర్మను శాస్త్రవేత్త కార్ల్ జీగ్లరునకు 1963లో నోబెల్ బహుమానము వచ్చినది. ఇందొక చిత్రము కలదు. ఈ ప్లాస్టిక్కునకు అచ్చును అద్దమువలె రుద్దినచో పని చెడును. అచ్చునకును ప్లాస్టిక్కునకును నడుమ చిక్కిన గాలి పోవుటకు త్రోవ లేక, సీసాపై బత్తాయి తొక్కవలె గుంటలు పడును. కావున ఇసుక చిమ్మి ఆ అచ్చును రవంత గరుకు చేయుదురు. మెరుగు కోరువారు కూడ పదార్థము స్వభావమును మన్నింపవలెను గదా!

రెండవ విధము మంచినీళ్ల సీసాలది. వీనికి వాడు పాలియెస్టరును వ్యాపారమున ‘పెట్’ అందురు. ఇంగ్లండులో విన్‌ఫీల్డు, డిక్సను అను రసాయనికులు 1941లో దీనిని దారము కొరకు కనుగొనిరి. అమెరికాలో నథానియేల్ వైయెత్ దీనితో చేసిన సీసాకు 1973లో పేటెంటు పొందెను. ముందు పరీక్షనాళికవంటి చిన్న మూసను పోయుదురు. దానిని సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడునకు వేడిచేసి, లోనికి కడ్డీ దింపి పొడవునకు సాగదీయుచు, వాతావరణపు ఒత్తిడికి 25 మొదలు 40 రెట్ల ఒత్తిడిగల గాలితో వెడల్పునకు ఊదుదురు. ఇట్లు రెండు దిక్కుల సాగుటచే అణువుల గొలుసులు బారులు తీరి, గోడ పలుచనైనను సీసాకు బలము చేకూరును. అచ్చు నునుపైనచో గాజునకు తీసిపోని తేటదనము వచ్చును.

ఇంతవరకు చెప్పినది అచ్చు ఇచ్చిన మెరుగు. అంతటితో తృప్తిపడనివారు వేరొక మెరుగును కొని తెత్తురు. ముత్యపు కాంతికి మూలము అభ్రకము. మన పల్లెలలో కాకిబంగారమని పిలుచునది ఇదియే. గూడూరు గనులవలన ఆంధ్రులకు ఇది చిరపరిచితము. అభ్రకపు సన్నని రేకులపై టైటానియము ఆక్సైడు పొరను పట్టించి ప్లాస్టిక్కులో కలుపుదురు. ఆ పొర మందమును బట్టి వెండి, బంగారము, ఎరుపు, నీలము తోచును. సబ్బుబుడగపై రంగులు పుట్టుటయు ఇట్లే. రేకులన్నియు ఒక్క తీరున పరుండవలెను. లేనిచో ప్లాస్టిక్కు ప్రవహించిన జాడలు చారలై కనిపించును. ఇక లోహపు తళుకు కావలెనన్నచో, శూన్యములో అల్యూమినియమును ఆవిరి చేసి సీసాపై పలుచని పొరగా పట్టింతురు. బొమ్మలు కావలెనన్నచో, వేడికి ముడుచుకొని సీసాను అంటుకొను తొడుగును తొడుగుదురు.

చూచుటకు అన్నియు సొగసైనవే. కాని సీసా ఖాళీ అయినప్పుడు కథ మారును. పాత సీసా మరల సీసా కావలెనన్న ముందు జాతి వేరుచేయవలెను, ముక్కలు చేయవలెను, కడుగవలెను, కరగింపవలెను. నీటి తొట్టిలో వేసినచో పాలిథిలీను ముక్కలు తేలును, పెట్ ముక్కలు మునుగును. అయితే పైపులకు వాడు పీవీసీతో చేసిన తొడుగు కూడ నీట మునుగును. కావున అది పెట్ ముక్కలలో కలిసిపోవును. పెట్ కరగు వేడికి పీవీసీ నిలువజాలక ఆమ్లమును విడుచును. సరకు పసుపెక్కి, నల్లని మచ్చలు పడును. గట్టి పైపులకు మేలైన పదార్థమే తొడుగుగా వచ్చినప్పుడు చేటగుచున్నది. నిండు తొడుగు వేసినచో, లోని ప్లాస్టిక్కు జాతిని గుర్తించు యంత్రపు కన్ను కూడ మోసపోవును. ముత్యపు రేకులను, లోహపు పొరను ఎంత కడిగినను పూర్తిగా విడదీయుట దుస్సాధ్యము. తేట సీసా మరల తేట సీసా కాగలదు. రంగులు కలసిన సరకు ముదురు రంగు వస్తువులకే పనికివచ్చును, ధరయు తగ్గును. ‘పైన పటారము, లోన లొటారము’ అను సామెత ఇచట అక్షరాల నిజమగుచున్నది.

ఆ నష్టము తుదకు ఎవరిది? దుకాణములో సీసా మెరుపు చూచి కొన్నవారిది కాదు. వీధులలో సీసాలు ఏరి, చేతితో జాతులు వేరుచేసి అమ్ముకొను పేదలది. గోతము నిండినను తూకము వద్ద కాసులు రాని సీసాను వారు ఏల మోయుదురు? మోయనివెల్ల మురుగుకాలువలో పడును. నంద్యాలలోనైనను, మరి యే ఊరిలోనైనను వాన కురిసిన నాడు ఆ కాలువ నిండుట మనము ఎరుగనిది కాదు. ప్లాస్టిక్కు వ్యర్థముల నిర్వహణకై 2016లో ప్రభుత్వము చేసిన నియమములు తయారీదారులకును బాధ్యత నిర్దేశించినవి. ఆ బాధ్యత చెత్తకుండివద్ద గాక అచ్చువద్దనే ఆరంభమగుట మేలు.

అయితే సీసాకు అందము వలదా? తప్పక కావలెను. ఆళ్లగడ్డ విగ్రహమును చూడుడు. చీర కుచ్చెళ్లు, హారములు, చిరునగవు, అన్నియు ఒక్క రాతిలోనే కనిపించుచున్నవి. నునుపు చోటు వెలుగును తిప్పి పంపును. చెక్కిన పల్లము నీడను పట్టియుంచును. అచ్చులో కూడ ఇట్లే వజ్రపు పలకలవంటి కోణములు, లతలు, నిలువు చారలు చెక్కవచ్చును. తేట సీసా గోడలో ఆ కోణములగుండ వెలుగు వంగి నాట్యమాడును. తగిన చోట పెట్టిన చారలు గోడకు బిగువును కూడ ఇచ్చును. ఈ సొగసునకు వేరొక పదార్థము అక్కరలేదు. సీసాను కరగించిననాడు బొమ్మ కరగిపోవును, సరకు శుద్ధముగా మిగులును.

కొనువారు చేయదగినదియు కొంత కలదు. సీసా అడుగున బాణముల త్రిభుజములో ఒక అంకె యుండును. 1 పెట్, 2 గట్టి పాలిథిలీను, 3 పీవీసీ. రెండు సీసాలలో సరకు ఒక్కటే అయినప్పుడు, తేటగానుండి చీటీ సులువుగా ఊడు దానిని ఎన్నుకొనుడు. ఊడదీయదగిన తొడుగును ఊడదీసి, కడిగి, పాతసామాను వానికి ఇండు. పురుగుమందు సీసా ఎంత ముచ్చటగానున్నను, ఎన్ని మారులు కడిగినను, వంటింటికి తేకుడు.

రాతికి మెరుగు పెట్టు శిల్పి రాతిని దాచడు. రాతినే వెలికి తెచ్చును. ప్లాస్టిక్కునకు మెరుగు పెట్టువారును ఆ మర్యాదనే పాటించినచో, నేడు మన అలమరలో మెరయు సీసా రేపు ఇంకొకరి అలమరలో మరల మెరయగలదు.